క్యాన్లు ఒలకబోసిన మూడో రోజు

ఎందుకు రాస్తున్నాను

మహారాష్ట్రలో, నాందేడ్‌లోని ఒక ప్రభుత్వ దవాఖానాలో సోషల్ వర్కర్‌గా ఉద్యోగమంతా చేసి, పోయినేడు రిటైరయ్యాను. తాగుడుకో, మాత్రలకో, గంజాయికో అలవాటు పడ్డ మనిషి వార్డుకు వస్తే డాక్టరు ఆ మనిషిని చూస్తాడు. అతని వెనకున్న ఇంటిని, ఆ ఇంటి వెనకున్న ఊరిని చూడటం నా పని. వినడానికి ఘనంగా ఉంటుంది కానీ, అందులో సగం బస్సులో నిలబడి చేసే పని.

మా అన్న కూతురు సుజాత ఈమధ్యే ఇదే ఉద్యోగంలో చేరింది. చేరిన నెలకే ఒక లావుపాటి శిక్షణ పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అత్తా, సరిహద్దు ఊళ్లల్ల నషా బంద్ చేసుటానికి కమిటీలు వెయ్యాలెనట. నాకు బిలోలి దిక్కు ఇచ్చిండ్రు. ఎట్ల వెయ్యాలె?" అంది.

పుస్తకం తెరిచి చూపించింది. అందులో ఒక చక్రం బొమ్మ. ఒక గడిలో పోలీసు, ఒక గడిలో బడి, ఒకదాంట్లో గుడి, ఒకదాంట్లో మహిళా సంఘం, ఒకదాంట్లో దవాఖానా. మధ్యలో 'సమాజం' అని పెద్దక్షరాలు. బొమ్మ బాగుంది. తాగే మనిషి మాత్రం ఏ గడిలోనూ లేడు. అమ్మే మనిషీ లేడు.

"మరి వీళ్లేరి?" అన్నాను.

"వాళ్ల గురించే గద అత్తా కమిటీ," అంది.

నేను కూడా ఒకప్పుడు సరిగ్గా ఈ మాటే అన్నాను. దానివల్ల ఒక ఆడమనిషికి ప్రాణం మీదికొచ్చింది. సుజాతకు నోటితో చెబితే సగం మరిచిపోతుందని కాగితం మీద పెడుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంకెవరైనా చదువుకున్నా సంతోషమే. నా ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటి మీద మా ఆయనకే ఆసక్తి లేదు, మీకేముంటుంది.

ఫొటో కోసం వచ్చినవాళ్లు

మాకొక పై అధికారి ఉండేవాడు. పేరెందుకు, సాహెబ్ అందాం. మనిషి మంచివాడే. ఎండన పడి తిరిగొస్తే ముందు మంచినీళ్లు తాగమనేవాడు, తర్వాతే ఫైలు అడిగేవాడు. కానీ ఆయనకొక నమ్మకం. బ్యానరు ముందు పదిమంది పెద్దమనుషులు నిలబడి, చేయి ముందుకు చాపి, నషా జోలికి పోమని ప్రమాణం చేస్తే ఊరు సగం బాగుపడ్డట్టేనని. ఆ పదిమందిని పోగుచేసే పని నాది.

ఒకసారి ఒక తాలూకా ఊళ్లో ప్రమాణం చదివించడానికి ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన లేచాడు. కిటికీలోంచి గుట్కా ఉమ్మాడు. ప్రమాణం గంభీరంగా, ఒక్క తప్పు లేకుండా చదివాడు. కూర్చుని జేబులోంచి ఇంకో పొట్లం తీసి చించాడు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, పాపం నాకూ కావాలనుకున్నాడేమో, పొట్లం నావైపు చాపాడు.

అప్పట్లో ఆయన మీద ఒళ్లు మండింది. ఇప్పుడు కోపం లేదు. మేము ఫొటో కోసం పిలిచాం, ఆయన ఫొటో కోసమే వచ్చాడు. అందులో మోసమేముంది? నిజంగా మానాలని ఉందా, మానలేక అవస్థ పడుతున్నావా అని ఆయన్ని ఎవరమూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నాకిప్పటికీ తెలియదు. ఇలాంటి కమిటీలు నేను చాలా వేశాను. వాటివల్ల ఎవరికీ మేలు జరగలేదు, కీడూ జరగలేదు. కీడు జరిగింది నేను మనసుపెట్టి వేసిన కమిటీ వల్ల.

సాయవ్వ ఇచ్చిన గ్లాసు

ఆ ఊరి పేరు చెప్పను, వాళ్లకు ఇష్టముండదు. మంజీర ఒడ్డున ఉంటుంది. ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ. ఏరు దాటితే తెలంగాణ. ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక తేలితే అవతలి నుంచి మోటారుసైకిళ్ల మీద ప్లాస్టిక్ క్యాన్లలో కల్లు వచ్చేది. ఊళ్లో బాలయ్య అనే అతను రేకుల షెడ్డులో దాన్ని అమ్మేవాడు. అందులో చెట్టు నుంచి దిగిన కల్లు కొంచెమే, మిగతాది నీళ్లు, చక్కెర, ఏదో పొడి. దాన్ని అందరూ 'మందు కల్లు' అనేవాళ్లు. ఆ మందేమిటని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఊళ్లో మహిళా పొదుపు సంఘానికి సాయవ్వ పెద్ద. నలభై దాటిన మనిషి, కూలికి పోయేది. ఆమె గొంతు గురించి చెప్పాలి. వాకిట్లో నిలబడి పిలిస్తే ఏటి ఇసుకలో ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూసేవాడు. సంఘం మీటింగుకు మైకు తెస్తామంటే "ఎందుకు, నేను లేనా?" అనేది. ఆమె భర్త గంగారాం పొద్దున లేస్తే బాలయ్య షెడ్డు దగ్గరే ఉండేవాడు. మంచి మేస్త్రీ అట ఒకప్పుడు. నేను చూసేనాటికి తాపీ పట్టుకుంటే చేయి వణికేది.

నేను మొదటిసారి పోయింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. సాయవ్వ నన్ను గడపలో కూర్చోబెట్టి, "మా ఆడోళ్లమంత నిలబడ్తం మేడం. ఆ షెడ్డు ఊడబీకాలె. నా మొగడు మనిషి లెక్క లేడిగ," అంది. అని, ఎండన పడి వచ్చానని ఒక స్టీలు గ్లాసు చేతికిచ్చింది. తెల్లగా నురగ కట్టి ఉంది.

"కల్లా?" అన్నాను.

"కల్లే. ఏం గాదు మేడం, చలువ. పొద్దంత వంగి వంగి నడుములు వోతయ్. ఇంత గొంతుల పోసుకుంటె నిద్ర వడ్తది."

మా నానమ్మది కూడా ఇలాంటి ఊరే. మా ఇళ్లలో కల్లును తాగుడు అనుకోరు. బాలింతకు పోస్తారు, పోచమ్మ తల్లికి సాకగా నేలన ధార పోస్తారు, కాళ్ల నొప్పుల ముసలమ్మకు పోస్తారు. సారా తాగేవాడు తాగుబోతు. కల్లు తాగే ఆడమనిషి కష్టజీవి. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని నేను సగం గ్లాసు తాగాను. సాయవ్వ తన గ్లాసు తాగింది, ఇంకో గ్లాసు పోసుకుంది, నేను వదిలింది పారబొయ్యడమెందుకని అదీ తాగింది. తాగి, సంఘంలో ఉన్న ఆడవాళ్ల పేర్లన్నీ ఒక్కటి తప్పకుండా గడగడా చెప్పింది. నేను రాసుకున్నాను.

బస్సెక్కి సీట్లో కూర్చోవడం ఒక్కటే నాకు గుర్తు. నాందేడ్ స్టాండులో కండక్టరు భుజం తట్టి, దిగమ్మా ఇక, అని మరాఠీలో గద్దిస్తే మెలకువొచ్చింది. మర్నాడు ఆఫీసులో దీన్ని జోకుగా చెప్పాను. ఎండదెబ్బ అన్నారు. నేనూ అదే అన్నాను.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. సగం గ్లాసు నన్ను దారి పొడుగునా ఒళ్లు తెలియకుండా పడేసింది. రెండున్నర గ్లాసులు తాగిన మనిషి చెక్కుచెదరకుండా నిలబడింది. అంటే ఏమిటో వార్డులో వారం రోజులు పనిచేసిన పిల్లయినా చెప్పగలదు. నేను అప్పటికి ఈ ఉద్యోగంలో తల నెరిసినదాన్ని. అయినా ఆ ఇంటి ఫారంలో 'ఎవరు తాగుతారు' అన్నచోట 'భర్త' అని ఒక్క ముక్క రాసి మూసేశాను. ఊళ్లో అన్ని ఇళ్లకూ అలాగే రాశాను, భర్త, మామ, కొడుకు అని. ఆడవాళ్ల సంగతి ఎవరినీ అడగలేదు.

తెలియక కాదు, తెలుసుకోబుద్ధి కాలేదు. నాకా ఊళ్లో ఒక నాయకురాలు కావాలి. అంత గొంతున్న మనిషి దొరికింది. ఆమె చేతిలో గ్లాసు నేను చూడదలచుకోలేదు.

తలుపు దగ్గర నిలబడ్డ బాలయ్య

కమిటీ బాగానే కుదిరింది. సర్పంచ్ వచ్చింది, బడి గురూజీ వచ్చాడు, భజన మండలి పెద్ద వచ్చాడు, ఊరి ఆశా కార్యకర్త రేఖ వచ్చింది, సంఘం ఆడవాళ్లు ముప్పైమంది దాకా వచ్చారు. మీటింగులకు వాడే సమాజ మందిరం నిండింది. అప్పటి మా శిక్షణ పుస్తకంలోనూ ఉన్న ఆ చక్రం బొమ్మలో గడులన్నీ నిండాయని మురిసిపోయాను.

మధ్యలో బాలయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, భుజాన తువ్వాల. లోపలికి రాలేదు.

"మేడం, ఒక్క మాట. ఒక్కపారే బంద్ జేస్తే శాన కష్టమైతది," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నాకు కోపమొస్తే గొంతు సన్నబడుతుంది. "ఎవరికి కష్టం? నీకా? బెదిరించడానికొచ్చావా?" అన్నాను.

"అయ్యో, బెదిరిచ్చుడు గాదు మేడం. జెర ఇనుండ్రి..."

"నీ గురించే ఈ మీటింగు. నీతో కాదు," అన్నాను. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సాయవ్వ అందరికన్నా గట్టిగా కొట్టింది. బాలయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ చప్పట్లు నాకు ఎంత బాగున్నాయో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

వారం తర్వాత, పొద్దున్నే, సాయవ్వ ముందు నడిచి ఆడవాళ్లంతా ఏటి ఇసుకలోకి దిగారు. మోటారుసైకిళ్లను ఆపారు. క్యాన్లు గుంజి ఇసుకలో ఒలకబోశారు. ఒక క్యాను మీద కాలుపెట్టి నిలబడ్డ సాయవ్వ ఫొటో పేపర్లో పడింది. పేపర్ను సాహెబ్ టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు. నాకు టీ తెప్పించాడు, తన డబ్బుతో. అంతకుముందు ఎప్పుడూ లేదు.

మూడో రోజు

రెండో రోజు సాయంత్రం రేఖ ఫోన్ చేసింది. "మేడం, ఊళ్లె ఎవ్వరికి నిద్రల్లేవు. చేతులు వణుకుతున్నయంటున్నరు. ఒకామె ఒంటిమీద పురుగులు వాకుతున్నయని బట్టలు గుంజుకుంటుంది."

"తాగుడు మానితే రెండు రోజులు అట్లనే ఉంటది రేఖా. ఓర్చుకోమని చెప్పు," అన్నాను. ఆమె చెబుతున్నవాళ్లలో ఆడవాళ్లున్నారని నా చెవిన పడనే లేదు.

మూడో రోజు పొద్దున నీళ్ల కుళాయి దగ్గర సాయవ్వ బిందె పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే వెనక్కి విరుచుకు పడిపోయింది. ఫిట్స్. నాలుక పళ్ల మధ్య పడి సగం దాకా తెగింది. ఆమెను ఎత్తి జీపులో పడుకోబెట్టింది గంగారాం. చేతులు వణుకుతూనే ఉన్నాయట, అయినా ఎవరినీ ముట్టనివ్వలేదట. ఎవడు మనిషి లెక్క లేడని ఆమె నాతో అన్నదో అతనే.

ఊళ్లో అప్పటికే ఒక మాట పుట్టింది. పోచమ్మకు పోసే కల్లును కాలితో తన్నింది కాబట్టి పోచమ్మే పట్టుకుందని. ఫొటోలో క్యాను మీద కాలు ఉంది కదా. సాయవ్వ బతికొస్తే గుడి ముందు ముక్కు నేలకు రాయాలని, ఏటి అవతలి నుంచి మళ్లీ కల్లు తెచ్చి సాక పొయ్యాలని నిన్నటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లే అనడం మొదలుపెట్టారు.

బాలయ్య తెచ్చిన పొట్లం

నాందేడ్‌లో మా వార్డుకు తెచ్చేసరికి ఆమెకు రెండోసారి ఫిట్స్ వచ్చింది. మా పెద్ద డాక్టరు మితభాషి. మనిషిని చూస్తూ ప్రశ్న వేస్తాడు, జవాబు వచ్చేదాకా కళ్లు తిప్పడు. గంగారాంను చూస్తూ అడిగాడు, "ఈమె ఏమైనా తాగుతుందా? మాత్రలేమైనా మింగుతుందా?"

గంగారాం తల దించుకున్నాడు. పెళ్లాం పరువు పోతుందని అతని బాధ. అతను నోరు తెరిచేలోపే నేను జవాబిచ్చాను. "లేదు సార్. ఊళ్లో తాగుడు బంద్ చేయించిందే ఈమె."

నా మాట మీద డాక్టరుకు గురి. పాత మూర్ఛ ఉందేమో, మెదడు జ్వరమేమో అని పరీక్షలు రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మూడోసారి ఫిట్స్ వచ్చింది. సాయవ్వ మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. గంగారాం వరండాలో గోడకు ఆనుకుని, నన్ను చూసినప్పుడల్లా ఏదో చెప్పబోయి మానుకుంటున్నాడు. నేను అతనికి ధైర్యం చెబుతున్నాను. నేను!

అప్పుడు వచ్చాడు బాలయ్య. అంతదూరం బస్సులో వచ్చాడు. పోలీసులు పట్టుకుంటారని తెలిసే వచ్చాడు. నన్ను దాటుకుని నేరుగా డాక్టరు ముందుకు పోయి, తువ్వాల కొసన ముడి విప్పి, కాగితం పొట్లం టేబుల్ మీద పెట్టాడు. తెల్లటి పొడి.

"సార్, గిదే కలుపుతం కల్లుల. గిదేందో జూడుండ్రి. సాయవ్వ ఎట్లుంది?"

"ఆమె తాగదు," అన్నాను.

బాలయ్య నావైపు తిరిగాడు. కోపంగా కాదు, ఒక చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మేడం, గంగారాం అచ్చినప్పుడల్ల చెంబు తెస్తుండె. పొద్దుమూకి మూడు గ్లాసులు, పొద్దుగాల కూలికి పోంగ ఒకటి. పోసేటోన్ని నేనే గద, నాకెరికుండదా? గందుకే ఆ దినం అచ్చిన. మీరు ఇనకపోతిరి."

వరండాలోంచి గంగారాం ఏడుపు వినిపించింది.

డాక్టరు పొడిని వేలి కొసన తీసి చూశాడు, బాలయ్యను నాలుగు ప్రశ్నలు అడిగాడు. నిద్రమాత్రల జాతి మందు. ఏళ్ల తరబడి ఒంట్లో పడ్డ దాన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రాణం పోవచ్చు. ఇంజెక్షను ఇప్పించి, ఫిట్స్ ఆగాక నావైపు చూశాడు. "హిస్టరీ ఎవరు తీసుకున్నారు?"

"నేనే సార్," అన్నాను.

ఆయన కేసు కాగితంలో నేను చెప్పిన ముక్క కొట్టేసి, బాలయ్య చెప్పింది రాసుకున్నాడు. ఉద్యోగం మొత్తంలో నాకు పడ్డ పెద్ద శిక్ష అదే. సాయవ్వ మర్నాడు గంగారాంను గుర్తుపట్టింది. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రెండో కమిటీ

బాలయ్య పొట్లం తెచ్చిన ఆ సాయంత్రమే డాక్టరును తీసుకుని ఊరికి పోయాం, బాలయ్య మాతోనే జీపులో. పోచమ్మ గుడి ముందు జనం. బాలయ్యను చూసి కల్లు తెచ్చాడనుకున్నారు. అతను దిగి, అందరి ముందూ చెప్పాడు. "పోచమ్మ గాదు, పొడి. నేను కలిపిన. ఆమెను అనకుండ్రి, నన్ననుండ్రి." ఎవరో అతని అంగీ పట్టుకున్నారు. సర్పంచ్ అడ్డం రాకపోతే ఆ పూట దెబ్బలు తినేవాడే.

తర్వాత సమాజ మందిరంలో డాక్టరు ఒక కుర్చీ, పక్కన బాలయ్య ఒక కుర్చీ. మనుషులు వరసగా వచ్చారు. డాక్టరు ఎంత తాగుతావంటే ప్రతివాళ్లూ తగ్గించి చెప్పారు, ఇంకొందరు అసలు లేదన్నారు. బాలయ్య నోరు మెదపకుండా బల్లకింద వేళ్లు చూపించేవాడు, మూడు, ఐదు, ఒకటి. డాక్టరు ఆ వేళ్లు చూసి మందు రాశాడు. వరసలో ఆడవాళ్లు మగవాళ్లకు ఏమాత్రం తక్కువ లేరు. ఆ పొడి జాతి మాత్రలే రోజుకింతని తగ్గిస్తూ పోవాలి, ఏ ఇంట్లోనూ మాత్రల పట్టీ మొత్తం ఇవ్వకూడదు, రేఖ ఇంటింటికీ తిరిగి చేతిలో పెట్టి మింగించాలి. అలాగే చేసింది. ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టాలి.

పది రోజులకు సాయవ్వ ఇంటికొచ్చింది. నాలుకకు కుట్లు. మాట ముద్దగా, మెల్లగా వస్తోంది. ఏటి దాకా వినిపించే గొంతు పక్క మనిషికి అందడం లేదు. ఆ వారమే మళ్లీ మీటింగు. ఆమె రాదనుకున్నాను. వచ్చి, ఎప్పుడూ కూర్చునే ముందు వరసలో కాకుండా వెనక గోడ దగ్గర కూర్చుంది. మగవాళ్ల వైపు నుంచి ఒకడు, "ఏం సాయవ్వా, షెడ్డు ఊడబీకాలంటివి, ముందుగాల ఇంట్ల చెంబు ఊడబీకు," అన్నాడు. నవ్వులు లేచాయి.

ఆమె లేచింది. గోడ పట్టుకుని నిలబడింది.

"నేను తాగిన," అంది. ఎవరికీ వినబడలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడి, మళ్లీ అంది. "నేను తాగిన. నాలుగు గ్లాసులు. తాగుడు అనుకోలే. నిద్ర వడ్తదని తాగిన." కుట్ల నాలుకతో ఆ నాలుగు మాటలకు చాలాసేపు పట్టింది. "మీ ఇండ్లల్ల ఆడోళ్లను గూడ అడుగుండ్రి."

 తర్వాత ఒక ముసలమ్మ కూర్చున్నచోటే చేయి లేపింది. "నేను సుత బిడ్డా." ఆమె పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఇంకొకామె తన చంటిదాన్ని చూపించి, ఏడుపు మానడానికి దీనికి కూడా చెంచాడు పోసేదాన్నని చెప్పి భోరుమంది. రేఖ పేర్లు రాసుకుంటూ పోయింది.

ఆ క్షణాన నేను కూడా లేవాల్సింది. సాయవ్వ తాగుతుందని నాకు ముందే తెలుసు, ఆమె చేతి గ్లాసు నేనూ తాగాను, అయినా రాయలేదు అని చెప్పాల్సింది. ఆమె తెగిన నాలుకతో చెప్పింది. నా నాలుక నిక్షేపంగా ఉంది. నేను చెప్పలేదు.

సుజాతను తీసుకుని పోయాను

ఊరు ఏమైందని అడుగుతారు. పూర్తిగా మానినవాళ్లు కొందరు. మానుతూ, మళ్లీ మొదలుపెడుతూ ఉన్నవాళ్లు కొందరు. కొందరు ఏరు దాటి పోయి తాగొస్తారు. గంగారాం మళ్లీ తాపీ పట్టాడు, అయితే గోడలే కడతాడు, సన్నపని చెయ్యలేడు. బాలయ్య షెడ్డు తీసేసి ఆటో నడుపుతున్నాడు. ఏరు దాటేవాళ్లు అతని ఆటోలోనే పోవాలి కాబట్టి, ఎవరికి మళ్లీ మొదలైందో అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది. రేఖకు ఫోన్ చేసి చెబుతాడు. కమిటీలో ఇప్పుడు ఐదుగురే. బ్యానరు లేదు. అది నా కమిటీ కాదు, వాళ్లు వేసుకున్నది.

పోయిన నెల సుజాతను ఆ ఊరికి తీసుకుపోయాను. సాయవ్వ అదే గడపలో కూర్చోబెట్టింది. మాట ఇప్పటికీ ముద్దగానే వస్తుంది, సుజాత ముందుకు వంగి వింటోంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్నది చెప్పాను.

"సాయవ్వా, ఆ మొదటి దినం ఫారంలో నీ పేరు రాయలేదు నేను. చూసి కూడా రాయలేదు. దవాఖానాలో డాక్టరుకు కూడా లేదనే చెప్పాను."

ఆమె పొయ్యి మీది చాయ్ దించింది. గ్లాసుల్లో పోసింది. తొందరపడలేదు.

"నాకెరికే అక్కా. గంగారాం చెప్పిండు," అంది. "అయినా నువ్వడిగితె నేను చెప్పేదాన్నా? తిట్టి ఎల్లగొట్టేదాన్ని."

"అయినా అడగాల్సింది."

"అవ్. అడగాల్సుండె." ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వలేదు. నన్ను చూడకుండా సుజాతను చూసింది. "తిట్టిచ్చుకోని పోవాలె బిడ్డా. పోయి, మల్ల అచ్చి అడగాలె."

సుజాత సంచిలోంచి ఫారం తీసింది. పెన్ను మూత తీసి, ఒకసారి నన్ను చూసి, సాయవ్వ వైపు తిరిగింది. 

"ఇప్పుడు మీ ఇంట్ల ఎవరు తాగుతరు పెద్దమ్మా?"

సాయవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"పోయిన పోచమ్మ పండుగకు ఒక గ్లాసు తాగిన. నేనే," అంది. "రాసుకో."

సుజాత పెన్ను ఆగింది. ఈమె పేరు ఇట్లా రాయాలా అన్నట్టు నావైపు చూసింది.

"రాయి," అన్నాను.

రాసింది.